తాబేలు కాలికి ముడుపు

అనగనగా ఒక ఊరు. ఊరంటే పెద్ద ఊరేం కాదు, సముద్రం ఒడ్డున ఇసక మీద నలభై గడపల పల్లె. వేటకి వెళ్ళేవాళ్ళు మగాళ్ళు, చేప ఎండబెట్టేవాళ్ళు ఆడాళ్ళు, తగువులాడుకునేవాళ్ళు అందరూను. ఆ పల్లెలో దానమ్మ అని ఒకావిడ ఉండేది.

కాస్త పక్కకి జరుగు తల్లీ. పొద్దుటినుంచీ చేపలు తిరగేసి తిరగేసి నడుం పట్టేసింది. కథ మధ్యలో నాకు కునుకు పడితే గిల్లకు, మెల్లిగా లేపు. రాజుల కథ మాత్రం అడక్కు. రాజుల్ని నేనెప్పుడూ చూళ్ళేదు. తాబేలుని చూశాను. ఆ కథే చెబుతాను.

దానమ్మ పని వలలు అల్లడం, చిరిగిన వలలు బాగుచెయ్యడం. ఆమె వేసిన ముడి ఊడేది కాదు. సొరచేప పడి వల చీలిపోయినా, తాడు తెగేది గానీ దానమ్మ ముడి అలాగే ఉండేది. పల్లెలో పెళ్ళి జరిగితే, తాళి కట్టే కుర్రాణ్ణి "ఒరే, దానమ్మ ముడెయ్యరా, మళ్ళీ జన్మలో కూడా ఊడదు" అని ఆటపట్టించేవాళ్ళు. ఆ మాట వింటే దానమ్మకి అన్నం తినకపోయినా కడుపు నిండిపోయేది. ఉంటుంది కదా మరి, చేతిలో పనున్నవాళ్ళకి ఆమాత్రం గర్వం.

దానమ్మకి ఒక్కగానొక్క కూతురు. కూతురు కడుపుతో పుట్టింటికి వచ్చింది. ఎనిమిదో నెలలో కాళ్ళు వాచాయి. ఆ తర్వాత మొహం వాచింది. ఆ తర్వాత కళ్ళు బైర్లు కమ్మడం మొదలైంది. అప్పుడు నర్సమ్మ వచ్చి చూసి, దానమ్మని వాకిట్లోకి పిలిచి, తల్లీబిడ్డల్లో ఎవరు దక్కుతారో చెప్పలేనంది. 

ఆ వారంలోనే, ఒడ్డునుంచి అందరూ కలిసి లాగే పెద్దవలలో ఒక తాబేలు పడింది. అబ్బో, ఎంతనుకున్నావు, మన వాకిట్లో చేపలారబోసే చాట ఉందే, దానికంటే పెద్దది. పొట్ట నిండా గుడ్లు.

మన పల్లెల్లో వలలో తాబేలు పడితే కొట్టరు, కొయ్యరు. అది కూర్మావతారం, సాక్షాత్తూ విష్ణుమూర్తి. నెత్తిన నీళ్ళు చల్లి, డిప్పకి పసుపు రాసి, బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టి, "తప్పైపోయినాది తల్లీ, ఎల్లి రా" అని నీళ్ళలోకి తోస్తారు. విష్ణుమూర్తిని తల్లీ అంటారేంటని అడక్కు. గుడ్లు పెట్టేది తల్లే కదా.

ఆ రోజూ అలాగే పసుపు రాశారు. అప్పుడు దానమ్మకి ఒక ఆలోచన వచ్చింది. కష్టమొస్తే దేవుడికి ముడుపు కడతాం కదా. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ పెట్టి, ముడేసి, దేవుడి పటం దగ్గర పెడతాం. కోరిక తీరాక విప్పుతాం. దేవుడే కళ్ళముందు ఇసకలో పడుకుని ఉంటే పటం దగ్గర కట్టడమెందుకు అనుకుంది దానమ్మ. కొంగు చింపి, పసుపులో ముంచి, ముడుపు చేసి, తాబేలు వెనక కాలికి కట్టబోయింది.

పక్కనున్న పోలయ్య తాత ఊరుకోలేదు. "ఒలే దానా, కడితే నూలు దారంతో కట్టు. నాలుగ్గంటలుండి ఊడిపోతాది. దాని దారిన అది పోతాది" అన్నాడు.

"నూలేటి తాతా? ఉప్పునీట్లో మూడ్రోజులకి కుళ్ళిపోద్ది. నా మొక్కు తీరీవరకూ ముడుపు నిలవద్దా?" అంది దానమ్మ. అని, నడుముకి చుట్టుకున్న వల తాడు తీసింది. నైలాను తాడు. చావు లేని తాడు. దాంతో వెనక కాలికి గట్టిగా చుట్టి, మూడు వలముళ్ళు వేసింది. "తల్లీబిడ్డా సల్లగుంటే, మళ్ళీ ఏడు నువ్వొచ్చినప్పుడు నా సేత్తోనే విప్పుతాను తల్లీ" అని దణ్ణం పెట్టింది.

తాబేలు నీళ్ళలోకి వెళ్ళిపోయింది. అలల్లో ఆ పసుపు గుడ్డ కాసేపు కనపడింది, ఆ తర్వాత కనపడలేదు.

పది రోజులకి కూతురికి నొప్పులొచ్చాయి. రెండు రాత్రులు, మూడు పగళ్ళు పట్నం ఆసుపత్రిలో పడింది. ఆఖరికి ఆడపిల్ల పుట్టింది. తల్లి బతికింది, పిల్లా బతికింది.

ఏంటి, లేచి కూర్చున్నావు? ఆ పిల్ల మీ అమ్మేనా అంటావా? అవును, మీ అమ్మే. ఎక్కడి రాజకుమారో అనుకున్నావా? కాళ్ళు వాచి పడుకున్న కూతుర్ని నేను. దానమ్మ మా అమ్మ, అంటే నీకు తాతమ్మ. ఇంక పడుకుని విను. దుప్పటి తన్నకు.

పిల్ల పుట్టింది కదా, ఇంక మా అమ్మని పట్టడానికి లేదు. "నా ముడుపు కూర్మం మోసింది, నా మనవరాల్ని సముద్రం కాసింది" అని పల్లెంతా చెప్పుకుంది. చెప్పుకుంటే చెప్పుకుంది, జనం నమ్మారు. పక్కింటి పైడమ్మకి పిల్లల్లేరు. ఆమె ఒక ముడుపు తెచ్చింది. ఒకామె మొగుడు తాగుతాడు, ఆమె ఒకటి తెచ్చింది. వలలో తాబేలు పడిందంటే చాలు, ముందు మా అమ్మకి కబురొచ్చేది. మా అమ్మే వచ్చి ముడెయ్యాలి. మూడేళ్ళలో ఏడు తాబేళ్ళకి కట్టింది. అంతటి మొనగత్తె లేదన్నారు. మా అమ్మ నడక కూడా మారిపోయింది.

ఆ మూడేళ్ళలోనే సముద్రం కూడా మారింది. ముందు మరబోట్లు వచ్చాయి. అడుగునుంచి అంతా ఈడ్చుకుపోయే పెద్ద సంచి వలలు వాటివి. ఆ తర్వాత చెత్త వచ్చింది. నీళ్ళలో తేలే కవరు చూస్తే తాబేలుకి అది తినే జెల్లీ చేపలా కనపడుతుందట, మింగేస్తుంది, మింగాక అరగదు. ఆ తర్వాత మన ఒడ్డునే, ఇసక తిన్నె వెనకాల, రొయ్య పిల్లల్ని పెంచే కంపెనీ వచ్చింది. దానికి చుట్టూ గోడ, గోడ మీద దీపాలు. పెళ్ళివారి దీపాల్లా రాత్రంతా వెలిగేవి. మొదట్లో మాకూ బాగానే అనిపించింది. చీకట్లో తేలు కుట్టదు కదా అనుకున్నాం.

మూడో ఏడు మాఘమాసం వచ్చింది. తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం. అవి రాత్రి వస్తాయి, తెల్లారేలోపు వెళ్ళిపోతాయి. ఇసక మీద జాడ చూసి మనం తెలుసుకోవడమే. మా అమ్మ రోజూ పొద్దున్నే పడవలొచ్చే వేళకి ఒడ్డుకి వెళ్ళేది. జాడ చదవడం ఆమెకి బాగా వచ్చు.

మొదటి రోజు పొద్దున ఒక జాడ కనపడింది. నీళ్ళనుంచి పైకొచ్చింది, కంపెనీ దీపాల వెలుగు పడేచోటికి వచ్చి ఆగింది, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగింది. గుంట లేదు, గుడ్లు లేవు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ జాడకి ఒక పక్క కాలి గుర్తులు లేవు, గీత ఉంది. ఏదో ఈడ్చుకుంటూ నడిచినట్టు.

రెండో రోజు పొద్దున అదే గీత ఉన్న జాడ ఇంకో చోట కనపడింది. ఈసారి గుంట తవ్వడం మొదలెట్టింది. సగం తవ్వి వదిలేసింది. చుట్టూ కుక్కల అడుగులు. 

మూడో రోజు పొద్దున తాబేలే ఉంది. తెల్లారిపోయినా వెళ్ళలేదు. గుడ్లు కడుపులో ఎంతకని మోస్తుంది? ఇంక ఆగలేక ఇసకలో కూర్చుని తవ్వుతోంది. తాబేలు వెనక కాళ్ళతోనే తవ్వుతుంది తల్లీ. ఒక కాలు ఇసక తీస్తుంది, ఆ తర్వాత రెండో కాలు తీస్తుంది. మనం గరిటె తిప్పినట్టు వంతులవారీగా తిప్పుతుంది. దీనికి ఒక కాలు తిరుగుతోంది గానీ, రెండోది ఊరికే కదులుతోంది, ఇసక రావడం లేదు. ఒక కాలు తీసిన ఇసక మళ్ళీ గుంటలోకే జారుతోంది. అది ఆగదు. తవ్వుతూనే ఉంది. ఎంతసేపటినుంచి తవ్వుతోందో ఏమో.

మా అమ్మ వెనక్కి వెళ్ళి ఆ కాలు చూసింది.

పసుపు గుడ్డ ఎప్పుడో పోయింది. తాడు ఉంది. తాడు కాలిలోకి కోసుకుపోయింది. దాని చుట్టూ కండ వాచి, తెల్లబడి ఉంది. ఆ తాడుకి సముద్రంలో ఎక్కడో తెగిపోయిన పాత వల ముక్క ఒకటి తగులుకుంది. అందుకే ఆ గీత. పైన మూడు ముళ్ళు. ఏడింటిలో మూడు ముళ్ళు వేసింది ఆ మొదటిదానికే. మూడేళ్ళు ఉప్పునీళ్ళలో నానినా ఒక్క పోగు కూడా వదలని ముళ్ళు.

తన చేతి పని తనకి తెలియదా? 

నేను అప్పుడే ఆమె వెనకాలే వచ్చాను, మూడేళ్ళ మీ అమ్మ నా చంకలో ఉంది. మా అమ్మ ఏడవలేదు. నడుముకున్న చేపల కత్తి తీసి, పోగు పోగు చొప్పున తాడు కోసింది. తాబేలు కాలు ఒక్కసారి వెనక్కి లాక్కుంది, అంతే. మళ్ళీ తవ్వడం మొదలెట్టింది. తాడు పోయినా కాలు రాలేదు. చచ్చుబడిపోయింది.

అప్పుడు మా అమ్మ బోర్లా పడుకుని, దాని కాళ్ళ మధ్య చేతులు పెట్టి, తనే తవ్వింది. తాబేలు ఒక కాలితో తవ్వుతుంటే, ఆ రెండో కాలి వంతు మా అమ్మ చేతులది. మూరెడు లోతు, పైన సన్నంగా, అడుగున కుండలా వెడల్పుగా. గోళ్ళు విరిగాయి. "పెట్టు తల్లీ, పెట్టు, నానున్నాను" అంటూనే ఉంది. కుక్కలు దూరంగా కూర్చుని చూశాయి. నేను రాళ్ళు విసురుతూ నిలబడ్డాను.

గుడ్లు పెట్టింది. రెండేసి, మూడేసి, తెల్లగా, మెత్తగా, చిన్న నిమ్మకాయలంత. పెడుతున్నంతసేపూ దాని కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఒంట్లో ఎక్కువైన ఉప్పు అలా బయటికి పోతుందని తర్వాత బడి మాస్టారు చెప్పారు. నిజమే అయ్యుంటుంది. మా అమ్మ మాత్రం ఆ కళ్ళకేసి చూళ్ళేకపోయింది.

ఆ తర్వాత ఇసక కప్పుకుని, అది సముద్రంలోకి వెళ్ళిపోయింది. ఇరవై బారల దూరం వెళ్ళడానికి అయిదుసార్లు ఆగింది. మా అమ్మ మోకాటి లోతు నీళ్ళదాకా వెనకాలే వెళ్ళింది. ఒడ్డున నిలబడి ఉండగానే నాతో అంది. "నీ కోసం కట్టినానే ఆ తాడు" అంది.  నిజమే కదా. 

నిద్రొస్తోందా? లేదా? నాకొస్తోంది. సరే, విను.

నాలుగో నాడు ఒడ్డుకి తాబేళ్ళు కొట్టుకొచ్చాయి. చచ్చిపోయినవి. పదకొండు. తాబేలు నీళ్ళలో ఉన్నా మనలాగే పైకొచ్చి గాలి పీల్చుకోవాలి. మరబోటు వల గంటల తరబడి అడుగునే ఈడుస్తుంది. అందులో పడ్డది పైకి రాలేదు, ఊపిరాడక చచ్చిపోతుంది. బోటువాళ్ళు దాన్ని కావాలని చంపరు. వాళ్ళవీ ఆకలి కడుపులే. ఇప్పుడు సర్కారువాళ్ళు ఆ వలలకి తాబేలు తప్పించుకునే తలుపు పెట్టమంటున్నారు. కొందరు పెడుతున్నారు. కొందరు చేప కూడా పోతోందని కుట్టేస్తున్నారు. ఎవరితోనని పోట్లాడతాం, నోరు నొప్పి.

ఆ పదకొండింటిలో ఒకదాని వెనక కాలికి తాడు కోత ఉంది.

మా అమ్మ దాన్ని చూసింది. చూసి, నేరుగా ఆడాళ్ళు చేపలు ఎండబెట్టే చోటికి వెళ్ళింది. అందరి మధ్యలో నిలబడి, కోసి దాచిన తాడు ముక్క చాపమీద పడేసింది. "ఇదిగో నా ముడుపు. ఇది దాని కాలు తినేసింది. నాను కట్టినవి ఏడు. ఒకటి సచ్చి ఒడ్డుకొచ్చినాది. తక్కినవి ఎక్కడున్నాయో, ఎలాగున్నాయో తెల్దు. ఇంకెవరూ కట్టకండి. తప్పు నాది" అంది.

 పైడమ్మ లేచింది. ఆమెకి అప్పటికీ పిల్లలు పుట్టలేదు. "నా ముడుపు కూడా నువ్వే కట్టినావు కదే. నీకు మనవరాలొచ్చినాది. నాకేటొచ్చినాది? పాపం వచ్చినాది" అని అరిచి, చాటలో ఉన్న చేపలన్నీ ఇసకలో కుమ్మరించి వెళ్ళిపోయింది. ఆ రోజునుంచి మా ఇంటికి బాగుచెయ్యమని వల తెచ్చినవాళ్ళు లేరు. మా అమ్మతో బావి దగ్గర కూడా ఎవరూ మాట్లాడలేదు.

 మా అమ్మ సరుగుడు కొమ్మలు, ముళ్ళకంప తెచ్చి గుడ్లున్న చోట చుట్టూ దడి కట్టింది. ఆ దడి పక్కనే చాప వేసుకుంది. తాబేలు గుడ్లు పిల్లలవడానికి యాభై రోజులు పడుతుంది. యాభై రోజులూ అక్కడే. పగలు నేను వెళ్ళి కూర్చునేదాన్ని, ఆమె వచ్చి రెండు ముద్దలు తిని మళ్ళీ వెళ్ళేది. కుక్కలొచ్చాయి, తోలింది. నక్క వచ్చింది, తోలింది. గుడ్లకోసం పై ఊరివాళ్ళు ఇద్దరు సంచీ పట్టుకుని వచ్చారు, కత్తి చూపించి తోలింది. ఆమెకి అప్పుడు యాభై అయిదేళ్ళు. పగలు కూర్చుంటే కూర్చున్నచోటే తల వాలిపోయేది. నేను లేపితే ఉలిక్కిపడి "పోయాయా?" అనేది.

యాభై ఒకటో నాడు, ఇంకా తెల్లవారలేదు, చీకటిగానే ఉంది. ఇసక కదిలింది. నీ అరచేతిలో సగం ఉండవు, అంత పిల్లలు. నల్లగా, తడిగా, పది, పదిహేను, ఇరవై. మా అమ్మ సంబరపడి దడి తీసేసింది. అవి బయటికొచ్చి, ఆగి, ఒక్కసారి వెనక్కి తిరిగాయి. సముద్రం వైపు కాదు, కంపెనీ దీపాల వైపు.

తాబేలు పిల్లకి తల్లి లేదు, దారి చూపే దిక్కు లేదు. చీకట్లో ఎటు వెలుగుంటే అటే సముద్రం అని పుట్టుకతో దానికి తెలిసింది ఒక్కటే. ఆ తెలిసింది కూడా ఇప్పుడు తప్పైపోయింది. మా అమ్మ అటూ ఇటూ పరిగెత్తి దొరికినవాటిని ఏరి నీళ్ళ దగ్గర వదిలింది. నాలుగో అయిదో దక్కాయి. తెల్లారాక చూస్తే తక్కినవి కంపెనీ గోడ పక్క నీళ్ళు లేని కాలవలో ఉన్నాయి. ఎండిపోయి ఉన్నాయి.

ఆ రోజు మా అమ్మ కంపెనీ గేటు దగ్గరికి వెళ్ళింది. అక్కడ గంగులని వాచ్‌మన్ ఉండేవాడు, ఎక్కడో మెట్ట ఊళ్ళనుంచి వచ్చినవాడు. "బాబూ, ఇంకా పిల్లలున్నాయి. రెండు రోజులు దీపాలార్పు. నీ కాళ్ళట్టుకుంటాను" అంది.

"నా చేతిలో లేదు మామ్మా. దీపాలారితే నా ఉద్యోగం పోద్ది. ఇద్దరు పిల్లలు నాకు" అన్నాడు. కోప్పడలేదు. తల వంచుకుని అన్నాడు.

రెండో రోజు ఆ వేళకి నేనూ మా అమ్మా నా చీరొకటి మడత విప్పి చెరో కొసా పట్టుకుని, దీపాలకీ గూటికీ మధ్య నిలబడ్డాం. పెళ్ళిపీటల మీద అడ్డుతెర పడతారు చూడు, అలాగ. చీర నీడ పడినంతమేరా పిల్లలు సముద్రం వైపే నడిచాయి. కానీ ఒక్క చీర ఎంత వెడల్పు? పక్కలనుంచి వెలుగు వచ్చింది, పక్కలనుంచి పిల్లలు పోయాయి. సగం దక్కాయి, సగం పోయాయి. మా అమ్మ చీర వదల్లేక, పోయేవాటిని ఆపలేక, నిలబడి చూసింది.

ఆ రోజు పగలంతా గూటి దగ్గర కూర్చుని, నాతో ఒక్క మాటే అంది. "ఇంకా లోపల కదులుతున్నాయే. నా సేతులు సాల్తల్లేదు" అంది.  నేను మీ అమ్మని చంకనేసుకుని పల్లెలోకి వెళ్ళి, ప్రతి గడపా ఎక్కి అడిగాను. ఎవరూ వస్తామనలేదు. రామని కూడా అనలేదు.

మూడో రోజు చీకటుండగానే మళ్ళీ మేమిద్దరం చీర పట్టుకున్నాం. అప్పుడు ఇసకలో అడుగుల చప్పుడైంది. పైడమ్మ. భుజం మీద రెండు నేత చీరలు, ఒక దుప్పటి. మా అమ్మ మొహం చూడలేదు. "నీ కోసం రాలేదు. కూర్మం కోసం వచ్చినాను. కొస ఇలాగియ్యి" అంది. ఆమె వెనకాల ఇంకో నలుగురు. వాళ్ళ వెనకాల పోలయ్య తాత, పాత తెరచాప ఒకటి ఈడ్చుకుంటూ, దగ్గుతూ. చీరకి చీర ముడేసి పట్టుకున్నాం. ఆ ముళ్ళు వెయ్యమంటే మా అమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. పైడమ్మే వేసింది.

ఇసక కదిలింది. ఈసారి గుంపుగా వచ్చాయి. ఒకదాని మీదనుంచి ఒకటి, కుండలోంచి పొంగినట్టు. చేతులు పైకెత్తి నిలబడ్డాం. ఎంతసేపని? అవి నడిచేది తల్లీ, నువ్వు అన్నం తిన్నంత నెమ్మదిగా. ఆగుతాయి, పడతాయి, అడుగు గుంటలో పడి మళ్ళీ ఎక్కుతాయి. నా భుజాలు పట్టేశాయి. పక్కామె ఏడుస్తోంది, నొప్పికి. పోలయ్య తాత మోకాళ్ళమీద కూలబడ్డాడు, ఆ కొస కిందకి జారింది, వెలుగు లోపలికి వచ్చింది. అయిదారు పిల్లలు అటు తిరిగాయి.

అప్పుడు ఎవరో వచ్చి ఆ కొస పైకెత్తారు. గంగులు. యూనిఫారం వేసుకునే ఉన్నాడు, చేతిలో కర్ర కింద పడేశాడు. మా అమ్మ అతనికేసి చూసింది.

"దీపాలార్పితే ఉద్యోగం పోద్ది గానీ, చీర పట్టుకుంటే పోదు కదా మామ్మా" అన్నాడు.

ఆ పిల్లలు మళ్ళీ తిరిగాయి. సముద్రం వైపు నడిచాయి.  చీరల నీడలో, నల్లటి ఇసక మీద, ఒక్కొక్కటే అలదాకా వెళ్ళింది. అల వచ్చింది, తీసుకుంది. ఇంకోటి వెళ్ళింది. అల వచ్చింది, తీసుకుంది. ఆఖరిదాన్ని అల రెండుసార్లు వెనక్కి తోసేసింది. మూడోసారి తీసుకుంది.

మేం చేతులు దించేసరికి బాగా తెల్లారిపోయింది. దించిన చేతులు మావి కావనిపించింది. పైడమ్మ తన చీరలు మడత పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ ఆగి, "రేపు నా వల తెత్తాను, సూడు" అని మా అమ్మతో అంది. అని వెళ్ళిపోయింది. మా అమ్మ ఖాళీ అయిన గూటి పక్కనే పడుకుని, అప్పుడేడ్చింది. పెద్దగా, చిన్నపిల్లలా ఏడ్చింది. "దాన్ని మాత్రం దక్కించుకోలేకపోయినానే" అని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, అక్కడే నిద్రపోయింది. యాభై రోజుల నిద్ర. ఎండెక్కినా నేను లేపలేదు. నా చీర కప్పి, నీడగా పక్కన కూర్చున్నాను.

ఏంటి? ఆ పిల్లలు మళ్ళీ వచ్చాయా అంటావా?

పెద్దయి, గుడ్లు పెట్టడానికి రావాలంటే పదిహేనేళ్ళు పడుతుంది తల్లీ. మా అమ్మ అన్నాళ్ళు ఉండలేదు. వెయ్యి పిల్లలు నీళ్ళలోకి వెళ్తే ఒకటి బతికి పెద్దవుతుందంటారు. మనం పంపింది వెయ్యి కూడా కాదు. ఇప్పుడైతే రావడమే తక్కువ. నా చిన్నప్పుడు జాడలు దాటుకుంటూ నడిచేవాళ్ళం, ఈ ఏడు నేను చూసినవి మూడే మూడు.

వాటిలో మనవి ఉన్నాయో లేదో ఎలా తెలుస్తుంది? మొహాలన్నీ ఒకటే. కాళ్ళకి గుర్తు లేదు. కట్టలేదు కదా, కట్టకూడదు కదా. అందుకని ఏది వచ్చినా అది మనదే అనుకుంటాను. చీకటితోనే లేచి వెళ్తాను. నడుం నొప్పైనా సరే, భుజం లేవకపోయినా సరే. ఆ కంపెనీ దీపాలింకా ఆరలేదు, చీర పట్టుకునే చేతులు ఇంకో రెండు ఉంటే బాగుండు. నువ్వింకా పొట్టిదానివి. నీ కొస నేలకి తగులుతుంది. అయినా సరే, ఎదిగేదాకా ఆగితే ఎలా, రేపు లేపుతాను, రా.

గుడ్డు ఇసకకి, పిల్ల కడలికి,
నొప్పి చేతికి, చెయ్యి చీర కొసకి,
కథ కంచికి, కన్ను నిద్దరికి,
నువ్వూ నేనూ పొద్దున ఒడ్డుకి.